నున్నటి బుగ్గలు

ఫోటో స్టూడియోలో అతన్ని అందరూ ఇస్త్రీ అని పిలిచేవారు. ఓనరు పెట్టిన పేరది. పెళ్లికూతురి మొటిమలు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే కుర్రాడి కళ్ల కింది నలుపు, తాతగారి మెడ మీది ముడతలు, ఏవైనా సరే అతని కంప్యూటర్లోకి వచ్చాయంటే మడత నలగని చొక్కాల్లా సాపుగా బయటికి వెళ్లేవి. మచ్చ పక్కనున్న మంచి చర్మాన్ని కాస్త తెచ్చి మచ్చ మీద అతికించడం, అంచులు కలిసిపోయేలా మెత్తగా రుద్దడం, అసలు పని ఇంతే. కానీ అతికినట్టు తెలియకుండా అతికించడం అందరికీ చేతకాదు. అతనికి చేతనయ్యేది. వీడి చేతికిస్తే గోడ పెచ్చులు కూడా మాయమైపోతాయని ఓనరు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

అతనికి కూతురు పుట్టింది. నోరు తెరిచి గుర్రుగుర్రుమని చప్పుడు చేస్తుంటే వాళ్లమ్మ గువ్వ అంది. అదే పేరయిపోయింది.

పుట్టినప్పుడు గువ్వ ముక్కు మీద గుండుసూది తలకాయలంత తెల్లటి చుక్కలుండేవి. వాటిని గిల్లొద్దని, వాటంతటవే పోతాయని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. అన్నట్టే పోయాయి. ఆ తర్వాత మాడు మీద పసుపుపచ్చగా పొలుసులు కట్టాయి. ఒక ఆదివారం పొద్దున అతను స్టూడియో కెమెరా ఇంటికి తెచ్చి, కిటికీ దగ్గర పిల్లను పడుకోబెట్టి ఫోటో తీశాడు. వెలుతురు బాగా పడింది. సంబరంగా బంధువులందరికీ పంపాడు.

కాసేపటికి అక్క ఫోన్ చేసింది. చిన్నప్పుడే అమ్మ పోతే అతన్ని సాకింది ఆ అక్కే. ఆవిడ మాటంటే అతనికి ఇప్పటికీ గురి, కొంచెం భయం. పిల్ల కళ్లు అచ్చం నాన్నవేనని మెచ్చుకుని, నవ్వుతూనే అంది.

"అది సరేగానీ ఆ తలేంట్రా అలా ఉంది? మీ ఆవిడకి నీళ్లు పోయడం రాదా ఏంటి?"

అక్క మనసులో ఏమీ లేదు. ఆ మాట అన్న మరుక్షణమే మరిచిపోయి ఉంటుంది. అతనికి మాత్రం గొంతులో ముల్లులా దిగబడిపోయింది. భార్యకు చెప్పలేదు. ఆ ఫోటోను అందరి ఫోన్లలోంచి తీసేసి, మర్నాడు స్టూడియోకు వెళ్లగానే వెనక గదిలో తెర దించుకుని కూర్చుని, పిల్ల మాడు మీది పొలుసుల్ని ఒక్కటొక్కటిగా తుడిచేశాడు. కొత్త ఫోటో పంపాడు. ఎంత ముద్దుగా ఉందో, నిన్న వెలుతురు సరిగ్గా పడలేదేమో అంది అక్క. అవునక్కా, వెలుతురే అన్నాడు.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. టీకా వేయించడానికి వెళ్లినప్పుడు నర్సు, మాడుకు కొంచెం నూనె రాసి పొలుసులు నానాక మెత్తటి బ్రష్‌తో దువ్వి కడిగేయమంది. అలా చేస్తే మెల్లగా పోయాయి. వాటి వెనకే బుగ్గలు మొదలయ్యాయి.

అతని భార్య బడిలో లెక్కల టీచరు. పురిటి సెలవులో ఉంది. ముందుగా ఆమె చేతికే తెలిసింది. పాలు పట్టేటప్పుడు పిల్ల బుగ్గ ఇసుక అంటుకున్నట్టు గరగరలాడింది. కొన్నాళ్లకు రెండు బుగ్గల మీదా ముదురు ఎరుపు మచ్చలు పడ్డాయి. మోచేతుల వెనక, పిక్కల మీద చర్మం ఎండి పగిలింది. దుప్పటి కనపడితే చాలు గువ్వ మొహం దానికేసి రుద్దుకునేది. ఎత్తుకుంటే భుజానికేసి రుద్దుకునేది. నిద్రలో కూడా తల అటూ ఇటూ తిప్పుతూ మూలిగేది.

ఆమె తనకు తోచినవన్నీ చేసింది. మురికేమోనని రోజుకు రెండుసార్లు వేడినీళ్లు పోసి గట్టిగా రుద్దింది. సబ్బు మార్చింది. ఎవరో కానుకగా ఇచ్చిన వాసనల పౌడరు ఒళ్లంతా చల్లింది. గోకకుండా చేతులకు ఊలు తొడుగులు వేసింది, గాలి తగలకుండా చొక్కా మీద చొక్కా తొడిగింది. చేసినకొద్దీ ఎక్కువైంది. పైగా మెడ మడతల్లో చెమటకాయలు కూడా లేచాయి.

ఆమె తల్లి వేరే ఊళ్లో ఉంది. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ భర్తను వదిలి రాలేని పరిస్థితి. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. ఈమె పిల్ల బుగ్గల సంగతి చెబితే ఆవిడ కొట్టిపారేసేది. ఫోటోలో చూశాను కదే, వెన్నముద్దల్లా ఉన్నాయి, మొదటి కాన్పు కాబట్టి నీకన్నీ భూతద్దంలో కనిపిస్తున్నాయి, కాస్త నిద్రపో అనేది. ఆడపడుచు కూడా అదే మాట. తోటి టీచర్లదీ అదే మాట.

ఎందుకంటే ప్రతి ఆదివారం అతను ఫోటో తీస్తూనే ఉన్నాడు. ప్రతి సోమవారం తెర దించుకుని కూర్చుంటూనే ఉన్నాడు. ఆమె ఫోను కెమెరా అద్దం ఎప్పుడో పగిలింది, ఏది తీసినా పొగలో తీసినట్టు వచ్చేది. అయినా ఇంట్లో ఫోటోగ్రాఫరుండగా ఆమె తీయాల్సిన పనేముంది. అతను పంపిన ఫోటోలే అందరి ఫోన్లలోనూ ఉండేవి, ఆమె ఫోన్లోనూ ఉండేవి.

ఒకసారి ఆమె అడిగింది, కళ్లకు ఇంత స్పష్టంగా కనిపించేవి కెమెరాలో ఎందుకు పడటం లేదని. వెలుతురును బట్టి ఉంటుందిలే అన్నాడు, పిల్ల సాక్సులు వెతుకుతున్నట్టు మంచం కిందికి వంగి.

పెళ్లాం పిల్లలు లోకం నోట్లో పడకుండా కాపాడుకుంటున్నానని తనకు తాను చెప్పుకునేవాడు. ఒక రోజు బస్సులో ఆ మాట కూడా చెల్లకుండా పోయింది. గువ్వను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్క సీట్లో చిన్న పాపతో ఒకావిడ కూర్చుంది. ఆ పాప గువ్వ బుగ్గను ముట్టుకోబోయింది. ఆవిడ చటుక్కున పాప చెయ్యి లాగేసి, లేచి వెళ్లి వెనక నిలబడింది. అతను గువ్వ టోపీని కళ్ల దాకా కిందికి లాగి, మొహాన్ని తన చొక్కాలోకి తిప్పుకున్నాడు. పిల్లకు ఊపిరాడక గింజుకుంటున్నా దిగేదాకా అలాగే పట్టుకున్నాడు. అప్పుడు ఒళ్లంతా వేడెక్కించిన సిగ్గు ఆవిడ ప్రవర్తన చూసి కాదు, పిల్లను చూసి. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినందుకు ఇంకా సిగ్గేసింది. ఇంటికెళ్లాక ఏమీ చెప్పలేదు.

డాక్టరు దగ్గరికి వెళదామని భార్య అప్పుడప్పుడూ అనేది. పిల్లలన్నాక ఇవన్నీ మామూలే, పోతాయిలే అనేవాడు. ఆమె గట్టిగా పట్టుబట్టలేకపోయేది. వాళ్లమ్మ అలాగే అంటోంది, వదినా అలాగే అంటోంది, ఫోటోలు కూడా అలాగే అంటున్నాయి. తన కళ్లనే తాను అనుమానించుకోవడం మొదలుపెట్టింది. ఒక్కోసారి పిల్లను అద్దం ముందుకు తీసుకెళ్లి, అద్దంలో ఒకసారి, విడిగా ఒకసారి చూసేది.

ఒక సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి ఆమె చెప్పులేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, గువ్వను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పిల్ల ఎడమ బుగ్గ మీది మచ్చ చెమ్మగిల్లి, రసి కారి, తేనె రంగులో పెచ్చు కట్టింది. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. మీరొచ్చినా రాకపోయినా నేను వెళుతున్నాను అంది ఆమె. అతను తాళం వేసి వెనకే నడిచాడు.

పిల్లల డాక్టరు పెద్దావిడ. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అరచేతులు రెండూ రుద్ది వెచ్చబరుచుకుని గానీ పిల్లను ముట్టుకోలేదు. చెవుల వెనక చూసింది, మోచేతులు చూసింది, పిక్కలు చూసింది, డైపరు విప్పి అక్కడ చర్మం బాగానే ఉందని చూసుకుంది. ఎప్పుడు మొదలైంది, మధ్యలో తగ్గి మళ్లీ వచ్చిందా, ముందు బుగ్గలా, కాళ్లా అని అడిగింది. ఆమె చెప్పబోయి తడబడింది. ఇన్నాళ్ల నిద్రలేమిలో నెలలు కలగలిసిపోయాయి.

పాత ఫోటోలేమైనా ఉన్నాయా, అవి చూస్తే ఎలా ముదిరిందో నాకు తెలుస్తుంది అంది డాక్టరు.

ఆమె మొహం విప్పారింది. ఒక్కటైనా పద్ధతిగా చేశాం అన్నట్టు గబగబా సంచిలోంచి ఫోను తీసింది. "ఉన్నాయండీ. ఈయన ఫోటోగ్రాఫరు. ప్రతి ఆదివారం తీస్తారు."

అతను కుర్చీలోంచి సగం లేచాడు. ఫోను అందుకుందామని చెయ్యి చాపాడు గానీ అప్పటికే అది డాక్టరు చేతిలో ఉంది.

డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని ఒక ఫోటో చూసింది. వేలితో జరిపి ఇంకోటి చూసింది. పిల్ల వైపు చూసింది. మళ్లీ ఫోను చూసింది.

"ఇవి ఈ పాపవేనా?"

"ఈ పాపవేనండీ. కెమెరాలో ఎందుకో పడవు" అంది ఆమె, తప్పు తనదే అయినట్టు.

"పడకపోవడమేంటమ్మా, ఏ కెమెరాలోనైనా పడతాయి."

బయట వరండాలో ఎవరి పిల్లాడో దగ్గుతున్నాడు. అతను తన మోకాళ్ల వైపు చూసుకుంటూ అన్నాడు.

"నేను తుడిచేశానండీ."

డాక్టరుకు అర్థం కాలేదు. ఫోటో తీసేముందు మొహం తుడిచారా, దేంతో తుడిచారు, ఏదైనా లోషనా అని అడిగింది. అతను ఆ మాట రెండోసారి చెప్పాల్సి వచ్చింది, ఇంకా విడమరిచి.

"మొహం కాదండీ. ఫోటోలో. మచ్చలు. కంప్యూటర్లో చెరిపేసి పంపేవాణ్ని. అందరికీ."

అసలు ఫోటోలు దాచి ఉంచారా అని డాక్టరు అడిగింది. లేవన్నాడు. స్టూడియోలో ఎవరైనా చూస్తారని అసలు ఫోటోల స్థానంలోనే కొత్తవి భద్రపరిచాడు. గువ్వ ఆ నెలల్లో నిజంగా ఎలా ఉండేదో చూపడానికి ఎక్కడా ఒక్క ఫోటో కూడా మిగల్లేదు.

అతను భార్య వైపు చూడలేకపోయాడు. ఆమె కూడా అతని వైపు చూడలేదు. జారిపోయిన పిల్ల సాక్సును మెల్లగా పైకి లాగి, డాక్టరును అడిగింది.

"అయితే నాకు కనిపించినవి నిజంగా ఉన్నవేనా అండీ?"

"ఉన్నవేనమ్మా. నువ్వు సరిగ్గానే చూశావు."

ఆమె తల వంచుకుని పిల్ల కడుపు మీద చెయ్యి వేసి ఉండిపోయింది. కన్నీళ్లు మాత్రం పిల్ల గౌను మీద పడుతున్నాయి.

డాక్టరు అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. ఆవిడ ఇద్దరికీ కలిపి, తరగతిలో పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పింది. దీన్ని ఎగ్జిమా అంటారు, చిన్నపిల్లల్లో చాలామందికి వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మురికి వల్ల రాదు, తల్లి పెంపకంలో లోపం వల్లా రాదు. ఈ పిల్ల చర్మం తడిని పట్టి ఉంచుకోలేదు, అంతే. వేడినీళ్లు, రుద్దుడు, వాసనల సబ్బు, పౌడరు, ఊలు బట్టలు దానికి పడవు. గోరువెచ్చటి నీళ్లతో కాసేపే స్నానం చేయించి, రుద్దకుండా అద్దినట్టు తుడిచి, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే వాసన లేని మందపాటి లేపనం ధారాళంగా రాయాలి. రోజులో మళ్లీ మళ్లీ రాయాలి. మెత్తటి నూలు బట్టలు ఒక్క పొర చాలు, మెడ మీది చెమటకాయలు దానితోనే తగ్గుతాయి. గోళ్లు పొట్టిగా ఉంచాలి. ఎర్రగా ఉన్నచోట రాయడానికి ఒక మందు ఇచ్చి, దాన్ని చెప్పినన్నాళ్లే, పలచగా రాయాలంది. బుగ్గ మీది పెచ్చు మాత్రం వేరే సంగతి. గోకిన చోట సూక్ష్మజీవులు చేరి చీము పట్టింది. దానికి విడిగా మందు రాసిచ్చింది. ఇలా రసి కారినా, జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా ఆగకుండా తీసుకురమ్మంది.

ముందే వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా అండీ అని అతనే అడిగాడు. వచ్చేది కాకపోవచ్చు అంది డాక్టరు.

ఇంటికి వచ్చారు. పిల్లకు మందు వేసి, పాలు పట్టి, పడుకోబెట్టాక ఆమె వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి అంది. గొంతు పెంచలేదు.

"మా అమ్మ నన్ను నమ్మలేదు. సరే. మీ అక్క నమ్మలేదు. సరే. చివరికి నన్ను నేనే నమ్మలేదు. అది ఏడుస్తుంటే నాకే పిచ్చెక్కుతోందనుకున్నాను. మీరు పక్కనే కూర్చుని అన్నం తిన్నారు."

అతను ఏదో చెప్పబోయాడు. అక్క అన్న మాట, బస్సులో ఆవిడ, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అవన్నీ ఇంకొకరి మీదికి తోసేవే అని అప్పుడే తెలిసి, మింగేశాడు. తప్పు నాదే అన్నాడు. ఆ మాట అతనికే చాలా చిన్నగా వినిపించింది.

మా అమ్మకు మీరే చెప్పండి అంది ఆమె.

అత్తగారికి ఫోన్ చేసి చెప్పాడు. ఏ మాటా దాచకుండా చెప్పాడు. లైన్ కట్టయిందేమోనని రెండుసార్లు హలో అన్నాడు. చివరికి ఆవిడ గొంతు వచ్చింది.

"చూసుంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని చెప్పేదాన్ని కదా బాబూ. నా కూతుర్ని నేనెన్ని మాటలన్నానో."

తర్వాత మాట్లాడలేక ఫోను పెట్టేసింది. అక్కకూ చెప్పాడు. ఆవిడ ముందు నవ్వబోయింది, తర్వాత ఆపేసింది. నేనేదో సరదాకి అన్నాను కదరా అంది. నీదేం లేదక్కా అన్నాడు. అది అబద్ధం కాదు. తుడిచిన చెయ్యి అతనిదే.

మర్నాటి నుంచి స్నానం తను చేయిస్తానన్నాడు. ఆమె సరేననలేదు, వద్దనలేదు. తలుపు దగ్గర నిలబడి చూసింది. అతను టబ్బులో మోచెయ్యి ముంచి వేడి చూశాడు. పిల్లను దించి, నీళ్లు చేత్తో పోసి, వెంటనే తీసి మెత్తటి తువ్వాలులో అద్దాడు. లేపనం రెండు వేళ్లతో తీసి బుగ్గకు రాశాడు. ఆ బుగ్గ మీద ఏ మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అతనికి కంఠోపాఠం. తెర మీద ఎంతో పెద్దది చేసి చూసినవాడు. అయినా ఆ గరుకు వేలికి తగలడం అదే మొదలు. గువ్వ బుగ్గను అతని వేలికేసి గట్టిగా రుద్దుకుంది. హాయిగా ఉందో, దురద ఆగక రుద్దుకుందో తెలియలేదు.

చీము పట్టిన పెచ్చు త్వరగానే ఎండి రాలిపోయింది. మిగతాది అంత తేలిగ్గా లొంగలేదు. తగ్గేది, చెమట పోసినప్పుడో చలిగాలి తగిలినప్పుడో మళ్లీ లేచేది, మళ్లీ తగ్గేది. తగ్గినచోట పాలిపోయిన మరకలు మిగిలితే అతను హడలిపోయి డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. రంగు నెమ్మదిగా అదే కలుస్తుంది, చర్మం ఎండిపోకుండా చూసుకోండి చాలు అంది ఆవిడ. గువ్వ రాత్రిళ్లు తెరిపిగా నిద్రపోవడం మొదలుపెట్టింది. దాంతోపాటు వాళ్లమ్మ కూడా.

భార్య అతనితో మాట్లాడేది. పాలు తెచ్చారా, గ్యాస్ అయిపోయింది, మందు ఇంకెంత ఉంది, అలాంటివి. అంతకుముందు బడిలో పిల్లల చేష్టలు చెప్పి ఒకటే నవ్వించేది. ఆ నవ్వు ఇంకా ఇంట్లోకి రాలేదు. అతను అడగలేదు. అడిగే హక్కు తనకు ఉందనిపించలేదు. స్టూడియోలో పని మానలేదు, అదే బతుకుదెరువు. ఓనరు ఇస్త్రీ అని కేకేసినప్పుడు మాత్రం చెవులు కాలేవి.

ఆమె సెలవు అయిపోయింది. బడికి దగ్గర్లోనే ఉన్న శిశు సంరక్షణ కేంద్రంలో గువ్వను వదలాలనుకున్నారు. మొదటి రోజు ఇద్దరూ వెళ్లారు. ఆ వారం బుగ్గలు కాస్త లేచి ఉన్నాయి. లోపల గచ్చు మీద రంగు చాపలు, వాటి మీద పాకే పిల్లలు, ఒక మూల ఉతికి ఆరేసిన గుడ్డలు. అక్కడ పిల్లల్ని చూసుకునే ఆవిడ గువ్వను చూడగానే, ఎత్తుకోవడానికి చాచిన చేతుల్ని సగంలో ఆపింది. ఇదేంటండీ, మిగతా పిల్లలకి అంటుకుంటుందా అని అడిగింది. పిల్లల్ని దించడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు తల్లులు తలలు తిప్పి చూశారు.

అతను అలవాటుగా భార్య వైపు చూశాడు. పాఠం చెప్పడం ఆమె పని కదా. ఆమె సంచిలోంచి లేపనం డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది.

"మీరు చెప్పండి. రోజూ రాసేది మీరే కదా."

అతను చెప్పాడు. అంటుకోదని చెప్పాడు. ఎలా రాయాలో తన చేత్తో రాసి చూపించాడు, రుద్దకూడదని, పౌడరు వేయొద్దని, ఉక్కపోస్తే పై చొక్కా విప్పేయమని చెప్పాడు. పసుపుపచ్చగా రసి కారితే వెంటనే ఫోన్ చేయమన్నాడు. అలా ఎప్పుడైనా అయిందా అని ఆవిడ అడిగింది. ఆ తల్లులు ఇంకా అక్కడే ఉన్నారు. లేదని చెప్పి బయటపడొచ్చు.

"అయిందండీ. నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం ఆలస్యం చేశాను. జనం చూస్తే బాగోదని దాచాను. అందుకే అంతదాకా వచ్చింది."

మొహం మండిపోయింది. అక్కడి గోడ గడియారం చప్పుడు కూడా తననే అంటున్నట్టుంది. భార్య అతన్ని వెనకేసుకు రాలేదు. పిల్లల్ని చూసుకునే ఆవిడ మాత్రం ఊఁ అని తలూపి, చేతులు కడుక్కుని వచ్చి గువ్వను ఎత్తుకుంది. గువ్వ కొత్త మొహాన్ని కాసేపు పరీక్షగా చూసి, ఆవిడ ముక్కు పట్టుకుంది.

బయటికి వచ్చాక అతను చెప్పులు తొడుక్కోవడానికి ఆగాడు. వేళ్లకు లేపనం జిడ్డు, చెప్పు పట్టీ పట్టు చిక్కడం లేదు. ఆమెకు బడి గంట కొట్టే వేళయింది. మామూలుగా అయితే వెళ్లిపోయేది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"రండి, నాకు ఆలస్యమవుతోంది" అని, గేటు రెక్క పట్టుకుని నిలబడింది.